కరెంటు బండిలో నెల్లూరికి

మా ఆయన కరెంటుతో నడిచే పికప్ ట్రక్కు కొన్నప్పుడు అది కొట్టు కోసమేనని ఇంట్లో అందరికీ చెప్పాడు. చూలై పేటలో మాది పెయింట్ల హోల్‌సేల్ కొట్టు, ఆయన తాత పెట్టింది. డబ్బాలు మోయడానికి ఒక బండి కావలసిన మాట నిజమే. కానీ ఆ ట్రక్కు వచ్చి ఆరు నెలలైనా అందులోకి ఒక్క పెయింట్ డబ్బా ఎక్కలేదు. ఒలికితే మరక పడుతుందట. సరుకు వేసుకోవలసిన వెనక తొట్టిలో బూడిదరంగు తివాచీ పరిపించి, చెప్పులతో ఎవరూ ఎక్కకూడదని ఆజ్ఞ వేశాడు. డబ్బాలు ఎప్పటిలాగే అద్దె ఆటోలో వచ్చేవి. ఆ ఆటో వెనకాలే మా ట్రక్కు ఖాళీగా, చప్పుడు లేకుండా వచ్చేది.

మా వీధిలో ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. అలాంటి చోట ముందు రెండు సీట్లు, వెనక మూడు సీట్లు, ఆ వెనక తొట్టి ఉన్న బండిని నిలిపితే మా ఇంటి ముఖం పూర్తిగా మూసుకుపోయింది. చార్జింగు వైరు మేడ మీది వంటింటి కిటికీలోంచి కిందికి వేలాడేది. వాన వస్తే దానికి ప్లాస్టిక్ సంచి కట్టేవాళ్ళం. బండి వెనక అద్దం మీద ఆయన ఆకుపచ్చ అక్షరాలతో ‘పొగ లేని రేపు’ అని రాయించాడు.

ఆ అక్షరాలు ఎవరి కోసమో నాకు తెలుసు. మా నాన్న కోసం. నాన్న మనలిలో పెట్రోలు, డీజిల్ తీసే రిఫైనరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆ జీతంతోనే నేను చదువుకున్నాను, టీచరునయ్యాను. మా పెళ్ళి కూడా ఆ జీతంతోనే జరిగింది. అమ్మ పోయాక నాన్న మా ఇంట్లోనే ఉంటున్నాడు. బండి వచ్చినప్పటి నుంచీ భోజనాల దగ్గర మా ఆయనకు అదే మాట.

“మామా, మీరు పెట్టిన పొగంతా నేను కడుగుతా ఉండా.”

“కడగండి అల్లుడుగారూ,” అని నాన్న మజ్జిగ పోసుకునేవాడు.

కాలేజీలో చదివే మా అమ్మాయి ఒకసారి అడిగింది, ఎన్నూరు వైపు పొగగొట్టాల కింద బొగ్గు కాల్చి తీసే కరెంటే కదా మన కిటికీలోంచి దిగేది అని. అది గవర్నమెంటు చూసుకోవలసిన సంగతి అని మా ఆయన తేల్చేశాడు.

మే నెలలో నెల్లూరు నుంచి పిలుపు వచ్చింది. ఆయన మేనత్త మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు. ఆదివారం, ఉదయం పదకొండు గంటలకు. అమ్మాయి రైలు టికెట్లు చూడమంది. మూడు గంటల్లో దిగిపోతాం, ఎండలో రోడ్డు మీద పడడమెందుకు అని దాని వాదన.

“రైల్లో పోతే బండిని ఎవురు చూస్తారు?” అన్నాడు మా ఆయన. ఆ బండి గురించి ఆయన అన్న మాటల్లో పూర్తి నిజం అదొక్కటే.

ముందురోజు సాయంత్రం మేనత్తకు చీర తీసుకోవాలని మమ్మల్ని అదే బండిలో టి. నగర్ తీసుకెళ్ళాడు. చీర ఇరవై నిమిషాల్లో తెమిలింది. బండి నిలపడానికి చోటు వెతుక్కుంటూ గంటన్నర తిరిగాం. ఇంటికి రాగానే చార్జింగు పెట్టాడు. ఆ తర్వాత జరిగిన తప్పు నాది. మా వంటింట్లో పెద్ద ప్లగ్గు ఒకటే. దారిలో తినడానికి ఇడ్లీలు చేద్దామని బండి వైరు పీకి గ్రైండరు పెట్టాను. పిండి రుబ్బడం అయ్యాక మళ్ళీ వైరు తగిలించడం మరిచిపోయాను.

పొద్దున ఆరింటికి బండిలో అరవై నాలుగు శాతం ఉంది. ఎవరు పీకారని ఆయన అడిగాడు. నేనేనని చెప్పాను.

“ఇడ్లీల కోసరం బండి కడుపు మాడ్చినావా?” అన్నాడు. తర్వాత తనే లెక్కలు వేసుకున్నాడు. నిండుగా ఉంటే మూడు వందల కిలోమీటర్లు పోతుందని అమ్మినవాళ్ళు చెప్పారు కాబట్టి అరవై నాలుగుతో నెల్లూరు చేరొచ్చు, చేరకపోయినా సూళ్ళూరుపేటలో చార్జింగు పెట్టుకోవచ్చు. ఫోన్‌లో ఆ చోటు ఆకుపచ్చగా కనిపిస్తోందని మా అందరికీ చూపించాడు.

రెడ్‌హిల్స్ దాటేవరకూ బాగానే ఉంది. నాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, అద్దం దించి, చెవి పెట్టి వినమన్నాడు.

“ఏమైనా ఇనపడతా ఉందా మామా?”

“ఏం ఇనపడలేదే.”

“అదే గదా నేను చెప్పేది.”

నాన్న అద్దం ఎత్తేశాడు.

గుమ్మిడిపూండి వచ్చేసరికి ఆయన మాటలు తగ్గాయి. కళ్ళు రోడ్డు మీద కంటే ఆ అంకె మీదే ఎక్కువగా ఉంటున్నాయి. మేం పది కిలోమీటర్లు పోతే మూడు తగ్గవలసింది ఐదు తగ్గుతోంది. తడ దాటాక ఏసీ ఆపేశాడు. పాటలు ఆపేశాడు. చివరికి అమ్మాయి ఫోన్‌కు పెట్టుకున్న చార్జింగు వైరు కూడా తీయించాడు. ఎండకు లోపల అందరం ఉడికిపోతున్నాం. బండి వేగం యాభైకి తగ్గింది. గడ్డివాము ఎత్తుకుని పోతున్న లారీ మమ్మల్ని దాటింది. దాని వెనకాల పోతున్న ట్రాక్టరు కూడా దాటింది. దాటుతూ ట్రాక్టరతను మా అద్దం మీది ఆకుపచ్చ అక్షరాలు తీరిగ్గా చదువుకున్నాడు.

“పోదుమ్ పా,” అంది అమ్మాయి అరవంలో. చాలు నాన్నా, అని. దానికి విసుగు ముదిరితే తెలుగు రాదు.

సూళ్ళూరుపేటలో ఆ చార్జింగు పెట్టె ఒక హోటల్ పక్కన నిజంగానే ఉంది. దాని మీద హోటల్ వాళ్ళు టేబుల్ తుడిచే గుడ్డలు ఆరేసుకున్నారు. మా ఆయన గుడ్డలు తీసి, వైరు లాగి బండికి తగిలించి, ఫోన్‌లో ఏవేవో నొక్కాడు. ఏమీ కాలేదు. వాచ్‌మన్ నీడలోంచి లేవకుండానే సంగతి చెప్పాడు.

“అది పెట్టిన దినం ఫోటోలు తీసుకున్నారు సార్. ఆ తర్వాత ఎవురూ రాలా.”

పెట్టె మీద ఉన్న నంబరుకు మా ఆయన ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి, తమ కంప్యూటర్లో ఆ పెట్టె చక్కగా పనిచేస్తోందని చెప్పింది. నేను దాని ముందే నిలబడి ఉన్నానని ఈయన అన్నాడు. అయినా పనిచేస్తోందని ఆమె అంది. పావుగంట అలా నడిచింది. మేం ఆ గుడ్డల పక్కన నిలబడి ఇడ్లీలు తిన్నాం. మా ఆయన ఇడ్లీ ముట్టలేదు.

నాయుడుపేట చేరేసరికి పదకొండు శాతం మిగిలింది. రోడ్డు పక్కన ఒక కళ్యాణమండపంలో పెళ్ళి జరుగుతోంది. అక్కడైనా ఒక పెద్ద ప్లగ్గు ఉంటుందని లోపలికి తిప్పాడు. మేనేజరు పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడాడు. లైన్ల పని ఉందని ఊరంతా సాయంత్రందాకా కరెంటు తీసేశారట. మండపం జనరేటర్ మీద నడుస్తోంది.

“దాని మీదే పెట్టుకోండి, నాకేం అడ్డం లేదు. డీజిల్ మాత్రం భోజనాలయ్యేదాకా నాకే సరిపోద్ది. మీకు కావాల్సింది మీరు తెచ్చి పోసుకోండి,” అన్నాడు.

నేను అమ్మాయి వైపు చూడలేదు, చూస్తే నవ్వొస్తుంది. నాన్న డబ్బా అడిగి తీసుకున్నాడు.

“మీరెందుకు మామా, నేను పోతా,” అన్నాడు మా ఆయన.

“మీరు బండి కాడ ఉండండి. నాకు అలవాటే గదా,” అని నాన్న మండపం ఎలక్ట్రీషియన్ బైకు వెనక కూర్చున్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఒళ్ళో ఖాళీ డబ్బా పెట్టుకుని, ఎండలో బంకుకు పోయి డీజిల్ తెచ్చాడు. తనే గరాటు పెట్టి చుక్క ఒలకకుండా పోశాడు. జనరేటర్ మళ్ళీ దడదడలాడింది. దాని గొట్టంలోంచి నల్లటి పొగ లేచి నేరుగా మా బండి వెనక అద్దం మీదికి వచ్చింది. అమ్మాయి ఫోటో తీసింది. తీసేయమన్నాడు వాళ్ళ నాన్న. తీసేశానంది.

మూడు గంటలు అక్కడే ఉన్నాం. మేనేజరు వదల్లేదు, మమ్మల్ని పంక్తిలో కూర్చోబెట్టాడు. ఎవరి పెళ్ళో తెలియకుండా నేను రెండుసార్లు వంకాయ కూర వేయించుకున్నాను. మా ఆయన మాత్రం బండిలోనే కూర్చుని అంకె చూస్తూ ఉన్నాడు. పెళ్ళికి వచ్చినవాళ్ళు గుంపుగా చేరి ఇదెంత మైలేజీ ఇస్తుందని అడుగుతుంటే, వచ్చేటప్పుడు ఎంత పోయిందో చెప్పకుండా అమ్మినవాళ్ళు చెప్పిన అంకే చెప్పాడు.

బయల్దేరబోతుంటే మేనేజరు వచ్చి ఒక సాయం అడిగాడు. వంట చేసినామె గూడూరు మనిషి. ఆమె సామాను మోయాల్సిన ఆటో రాలేదు. మీరెటూ గూడూరు మీదే పోతారు కదా, వెనక ఖాళీగానే ఉంది కదా అన్నాడు. మా ఆయన తివాచీ వైపు చూశాడు. కానీ మూడు గంటలు వాళ్ళ జనరేటర్ వాడుకుని కాదనడమెలా? సాంబారు కారుతున్న నాలుగు పెద్ద గుండిగలు, మసి పట్టిన రెండు పొయ్యిలు, మూరెడు గరిటెలు, నూనె డబ్బాలు ఆ తివాచీ మీదికి ఎక్కాయి. వంటామె వెనక సీట్లో నాకూ అమ్మాయికీ మధ్య కూర్చుంది. బండి కదలగానే గుండిగలు ఒకదానికొకటి కొట్టుకుని, గూడూరుదాకా మేం చప్పుడు చేస్తూ పోయాం.

వంటామె బండంతా ఒకసారి కలియజూసింది.

“రోజూ ఏం సరుకు మోస్తావయ్యా దీంట్లో?” అని మా ఆయన్ని అడిగింది.

ముందు సీట్లోంచి నాన్న చెప్పాడు.

“ఈ దినమే మొదలుపెట్టినాము తల్లీ.”

గూడూరులో ఆమె సామాను దించాక, చార్జింగు పెట్టె ఒకటి సక్రమంగా పనిచేస్తూ దొరికింది. అది పెట్రోలు బంకులో ఉంది. ముప్పావుగంట అక్కడే నిలబడ్డాం. నెల్లూరు చేరేసరికి సాయంత్రం ఐదున్నర. పాప చెవులు కుట్టించుకుని, ఏడ్చి, నిద్రపోయి, లేచి ఆడుకుంటోంది. మాకోసం పులిహోర, చల్లారిన వడలు తీసిపెట్టారు.

హాల్లో చుట్టాలందరి మధ్యా కూర్చుని మా ఆయన ప్రయాణం గురించి చెప్పాడు. ఆయన చెప్పిన ప్రయాణంలో దారిలో ఒక పెళ్ళివారు బండి చూసి ముచ్చటపడి భోజనానికి ఆపేశారు. ఒక పేద వంటామెకు సాయం చేశాం. అందుకే ఆలస్యం. జనరేటర్ ఆయన కథలోకి రాలేదు. అందరూ శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధ ఎందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత చూస్తే, అమ్మాయి ఫోటో తీసేయడానికి ముందే దాన్ని నెల్లూరు పిల్లలకు పంపేసిందట. మధ్యాహ్నమే ఇంటిల్లిపాదీ చూసేశారు.

మేనత్త పెద్దావిడ, మనసులో దాచుకునే మనిషి కాదు. “డీజిల్ మీ మామ పోసినాడంట గదరా?” అంది.

మా ఆయన మొహం చూడలేకపోయాను. నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆరు నెలలుగా భోజనాల దగ్గర విన్నదానికి ఇప్పుడు చెప్తాడని నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, చెప్పాలని కోరుకున్నాను.

“బండి తప్పేం లేదమ్మా. మంచి బండే. దోవ ఇంకా దానికి తయారు కాల, అంతే,” అన్నాడు నాన్న.

చుట్టాలు తలలూపి వేరే మాటల్లో పడ్డారు. నాకు నాన్న మీద కోపం వచ్చింది. అంత మంచి అవకాశాన్ని అంత తేలిగ్గా వదిలేసినందుకు ఆ రోజంతా ఆయనతో సరిగా మాట్లాడలేదు. మా ఆయన మాత్రం అప్పటి నుంచి నాన్నకు కుర్చీ జరపడం, మంచినీళ్ళు అందించడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున అమ్మాయి రైలుకు పోతానంది. నాన్న కూడా దానికి తోడు పోతానన్నాడు. దానికి తోడు అక్కర్లేదని నాన్నకూ తెలుసు. ఎవరో ఒకరు మా ఆయనతో పోవాలి కాబట్టి నేను బండెక్కాను. రాత్రంతా మేనత్త ఇంట్లో చార్జింగు పెట్టడంతో అది నిండుగానే ఉంది.

గూడూరు దాటేవరకూ ఆయనే నడిపాడు. రాత్రి సరిగా నిద్రపోనట్టున్నాడు, రెండుసార్లు బండి పక్కకు లాగింది. ఆపమన్నాను. ఆపాడు. నేను దిగి అటువైపు పోయి నిలబడ్డాను. నాకు లైసెన్సు వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఆ ఇరవై ఏళ్ళలో మా ఇంట్లో నాకిచ్చిన బండి స్కూటరొక్కటే. ఆయన కాసేపు స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు. తర్వాత పక్క సీట్లోకి జరిగాడు.

కాలు కాస్త ఆనిస్తే చాలు, బండి ముందుకు దూకింది. చెప్పడానికి నాకు మనసొప్పదు కానీ, చాలా బాగుంది. ఆయన నిద్రపోయాక సిమెంటు లారీని, రెండు బస్సుల్ని దాటాను. తడ దగ్గర కళ్ళు తెరిచి, ముందు అంకె చూశాడు.

“నిదానంగా పో,” అన్నాడు.

“పోతానే ఉండాను,” అన్నాను, కాలు తీయకుండా.

మధ్యాహ్నానికి చూలై చేరాం. మా వీధి మలుపులో ఎడమ పక్క అద్దం గోడకు గీసుకుని విరిగింది. ఆయన దిగి అద్దాన్ని చూశాడు, గోడను చూశాడు, నన్ను చూశాడు. ఏమీ అనకుండా మేడెక్కాడు. అద్దం గురించి అనాల్సిన నాలుగు మాటలూ బుధవారం అన్నాడు, అదీ కొట్టు నుంచి ఫోన్‌లో.