కోడలి పాఠం, నా సంగటి

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నేను చదివింది ఐదో తరగతే. పోయిన వేసవిలో నా కోడలు తిరుపతిలోని ఒక ఇంజనీరింగు కాలేజీలో ఉద్యోగానికి పాఠం చెప్పి చూపించాల్సి వచ్చింది. ముందురోజు వంట చేస్తూనే మా ఆయనను ఎదుట కూర్చోబెట్టి ఆ పాఠం చెప్పింది.

"మామా, కంప్యూటర్లో ప్రతి సమాచారాన్నీ ప్రాసెసరే మోస్తే తక్కిన పనులు ఆగిపోతాయి. అందుకే డీఎంఏ కంట్రోలర్ ఉండాది. యాడ నించి, యాడికి, ఎంత అని ముందే రాసిపెడితే, అదే నేరుగా మెమరీకి చేర్చి, అయిందని కబురు చెప్తాది. కబురు రాకముందే ప్రాసెసర్ చూస్తే సగం పాతది, సగం కొత్తది దొరుకుతాది."

"ఎంత బాగా చెప్పినావమ్మా" అన్నాడాయన. ముప్పై ఏళ్లలో నా మాట అంతసేపు వినలేదు.

ఇంతలో మా పెద్ద ఆడబిడ్డ భోజనానికి వచ్చింది. "పొయ్యి మీద రాగిసంగటి ఇంకా ఉడకల్ల అత్తా, నేను చెప్పేదాకా మూత తీయొద్దండి" అని కోడలు ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లింది. నాకు చెప్పేదేమిటని, పిండి ఎప్పుడు పోసిందో కూడా అడగకుండా, కెలికి ముద్దలు చేసి వడ్డించాను.

ఆడబిడ్డ ముద్ద విరిస్తే పచ్చిపిండి రాలింది. "ఎవురు చేసినార్మే దీన్ని?" అంది. నేను నీళ్లచెంబు అందుకున్నాను. అప్పుడే లోపలికి వచ్చిన కోడలు విస్తరి చూసి, "నేనే తొందరపడినాను పెద్దత్తా" అంది.

ఆ మాటతో నా కుళ్లు తగ్గిందంటే అబద్ధం. నా తప్పు మీదేసుకున్న మంచితనం కూడా ఆమెదే అయిందని ఏడ్చాను. ఆమెకు ఉద్యోగం వచ్చింది. నేను మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేక ఇది చదివే మీకు రాస్తున్నాను, తొందరపడింది నేనే.