రొయ్య బతికితేనే కాఫీ

పెళ్ళయిన చాలా ఏళ్ళకు మా పిన్ని నెల తప్పింది. సరిగ్గా ఆ వారమే పేపర్లో ఓ వ్యాసం పడింది. కాలవ నీళ్ళలో కుళ్ళిన ఆకూ అలమూ క్లోరిన్‌తో కలిస్తే చెడ్డ పదార్థాలు పుడతాయనీ, ఏళ్ళ తరబడి అవి ఎక్కువగా ఒంట్లోకి పోతే కేన్సర్ భయమనీ, గర్భిణుల సంగతి ఇంకా తేలలేదనీ రాశారు. ‘ఇంకా తేలలేదు’ అన్న దగ్గర బాబాయికి పై ప్రాణాలు పైనే పోయాయి.

భీమవరంలో వాళ్ళింట్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న నాకు ఆ పూటతో కాఫీ బందయింది. మా కుళాయిలో వచ్చేవి కాలవ నీళ్ళే. గ్లాసు ఎత్తితే బ్లీచింగ్ వాసన గుప్పుమనేది.

బాబాయికి మొగల్తూరు దగ్గర ఉప్పునీళ్ళ చెరువులున్నాయి. బ్లీచింగ్ వేసిన నీళ్ళలో ఆ ఘాటు పూర్తిగా పోయేదాకా రొయ్య పిల్లను వదలడు. “రొయ్యకున్నపాటి మర్యాద మీ పిన్నికి లేకపోతే ఎలా అమ్మాయ్?” అంటూ చెరువులోంచి టైగర్ రొయ్యలు పట్టుకొచ్చి, ఒకదాన్ని మంచినీళ్ళ బిందెలో వేశాడు. అది బతికితేనే ఇంట్లో కాఫీ అట!

చచ్చింది. బిందె పారబోశాం. ఆరుబయట గాలికి పెట్టిన నీళ్ళలో ఇంకోటి వేశాడు. అదీ చచ్చింది. కాచి చల్లార్చిన నీళ్ళలో వేసిందీ అంతే. ఇక అందరికీ కొబ్బరినీళ్ళే. చివరికి పప్పు కూడా వాటితోనే ఉడికింది. ఆ తియ్యటి పప్పు తిన్నవాళ్ళకే తెలుస్తుంది నా కడుపుమంట.

చచ్చిన రొయ్యను అరచేతిలో పెట్టుకుని, “ఇన్నాళ్ళూ బిడ్డకి ఈ నీళ్ళా తాగించాం!” అని బాబాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది.

కాఫీ లేక తలనొప్పితో ఉన్న పిన్ని విసుక్కుంది. “ఏవండీ, ఉప్పునీళ్ళ రొయ్యని పట్టుకొచ్చి మంచినీళ్ళలో పడేస్తే ఎలా బతుకుద్దండీ?”

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. చుట్టుపక్కల ఎవరి రొయ్యకు జబ్బు చేసినా ఆయన్నే పిలుస్తారు మరి.

ఆ సాయంత్రం డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. నీళ్ళు తేరనిచ్చి, వడగట్టి, కాచి తాగమంది. క్లోరిన్‌కి భయపడి పచ్చి కాలవ నీళ్ళు తాగితే ముందు వాంతులూ విరేచనాలే పట్టుకుంటాయంది. బాబాయి బుద్ధిగా తలూపాడు.

ఇంటికొచ్చి పిన్ని కాఫీ కలిపింది. ఆవిడ నోటిదాకా తెచ్చుకున్న గ్లాసు బాబాయి లాక్కుని సగం తాగేశాడు. కుర్చీలో కూర్చుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

“బతికే ఉన్నాను,” అన్నాడు కళ్ళు తెరిచి. “ఇక తాగు.”

కాన్పయ్యేదాకా ఆ రొయ్య ఉద్యోగం ఆయనే చేశాడు.