వైర్ల బాబుకి నేను మేనేజర్నైన వైనం

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మనిషికి తనకేం రాదో తెలియదు, అదొక వరం. ఎవరైనా వచ్చి "హెలికాప్టర్ నడుపుతావా?" అంటే "ఎప్పుడు రమ్మంటారు?" అని చొక్కా వేసుకుని బయలుదేరేవాణ్ణి. ఆ ధైర్యంతోనే తెనాలి నుంచి న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ వచ్చి, ఊరికి ఉత్తరపు కొసన ఆల్బనీలో బిజినెస్ చదువులో చేరి, ఖాళీ పూటల్లో ఒక సంగీత వాయిద్యాల షాపులో సేల్స్‌మన్‌గా కుదిరాను. (నాకు వాయించడం వచ్చిన ఏకైక వాయిద్యం కాలింగ్ బెల్.)

ఆ షాపుకి రోజూ మధ్యాహ్నం ఒక జర్మనీ కుర్రాడు వచ్చేవాడు. వెదురు బొంగులా పొడుగు, చంకలో సంచి, సంచి నిండా వైర్లు. అందుకే వైర్ల బాబు అని పేరు పెట్టుకున్నాను. నేరుగా వెళ్లి షాపులోకెల్లా ఖరీదైన కీబోర్డు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఒకే ఒక్క మెట్టు నొక్కి కళ్లు మూసుకునేవాడు. అంతే. పావుగంట దాకా వేలు కదిలేది కాదు. "అతను కొనే రకం కాదు, మర్యాదగా పంపించెయ్" అన్నాడు మా బాసు ఒకరోజు. మర్యాదగానే వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా అతను హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకు పెట్టాడు. ముందు పాత ఫ్రిజ్ మూలిగినట్టు గుయ్యిమంది. కాసేపటికి ఆ మూలుగు అడుగున ఎవరిదో గుండె కొట్టుకోవడం మొదలైంది. మరి కాసేపటికి నా కాలు నన్నడక్కుండానే ఆడడం మొదలుపెట్టింది. ఎందుకొచ్చానో మర్చిపోయి, ఆ పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాను. బాసు దగ్గడం వినిపించింది గానీ, అది కూడా తాళంలోనే ఉన్నట్టనిపించింది.

తర్వాత అతని కథ తెలిసింది. బెర్లిన్‌లో ఉండగా రెండు రికార్డులు విడుదల చేశాడట. అమ్ముడైన వాటిలో సగం వాళ్లమ్మే కొన్నదట. ఇక్కడ ఒక కెఫేలో గిన్నెలు కడుగుతూ, మిగిలిన సమయంలో లాప్‌టాప్ మీద సంగీతం చేస్తున్నాడు. వాళ్ల నాన్నకు బాత్రూమ్ టైల్స్ షాపు ఉంది. ఏడాదిలోగా సంగీతంలో నిలదొక్కుకోకపోతే వచ్చి షాపు చూసుకోవాలని ఒప్పందం. ఆ ఏడాది కాస్తా అయిపోవచ్చింది. రెండు వారాల్లో విమానం.

"తర్వాత?" అన్నాను.

"టైల్స్" అన్నాడు. డాక్టరు రోగం పేరు చెప్పినట్టు చెప్పాడు.

నా మనసు కరిగిపోయింది. "నీకు మేనేజర్ ఉన్నాడా?"

"లేడు."

"ఉన్నాడు" అన్నాను, ఛాతీ మీద చెయ్యి వేసుకుని.

అప్పట్నుంచి నగరంలో క్లబ్బులన్నిటికీ ఫోన్లు చేశాను. ఎలాంటి సంగీతమని అడిగితే మాటల్లో చెప్పడం నా వల్ల కాక, ఫోను తీసుకెళ్లి స్పీకర్ దగ్గర పెట్టేవాణ్ణి. ఒకాయన పాపం చాలాసేపు విని, "మీ లైనులో ఏదో లోపం ఉంది, కనుక్కోండి" అని పెట్టేశాడు. మిగతావాళ్లు ఆ సానుభూతి కూడా చూపలేదు.

చివరికి అవకాశం మా షాపు గోడౌన్లోనే దొరికింది. అక్కడ పనిచేసే ఫిజీ అంకుల్ పూర్వీకులు తెలుగువాళ్లు, చెరుకు తోటల్లో పనికి ఫిజీ వెళ్లినవాళ్లు. ఈయన కుటుంబంతో సహా ఫిజీ వదిలొచ్చి ఆక్లండ్ దక్షిణపు కొసన మనురేవాలో స్థిరపడ్డాడు. ఆయన అమ్మానాన్నల పెళ్లయి యాభై ఏళ్లయిన సందర్భంగా ఇంట్లో ఫంక్షన్. మాట్లాడుకున్న డీజే ఆఖరి నిమిషంలో రానన్నాడు.

"మీ జర్మనీ అబ్బాయి పాటలు వేస్తాడా తమ్ముడూ? పాత హిందీవి, మన తెలుగువి?"

"అన్నీ వేస్తాడు అంకుల్" అన్నాను. నేను నిజంగానే నమ్మాను. అన్ని వైర్లు ఉన్నవాడి దగ్గర పాటలు లేకుండా ఎలా ఉంటాయి?

ఆదివారం పొద్దున్నే ఆల్బనీలో బస్సెక్కి, సిటీలో దిగి, మళ్లీ రైలెక్కి, అంకుల్ గోడౌన్లోంచి ఇప్పించిన కీబోర్డును తెల్ల దుప్పటిలో చుట్టి చెరో చివరా పట్టుకుని మనురేవా చేరాం. (దారిలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు మమ్మల్ని చూసి టోపీలు తీశారు.) ఇంటి వెనక లాన్‌లో షామియానా, వంద మంది జనం, మధ్యలో పూలదండలతో అవ్వ, తాత. వైర్ల బాబు అన్నీ తగిలించి, తలవంచి, ఒక మెట్టు నొక్కాడు. గుయ్యిమంది. జనం ప్లేట్లు పట్టుకుని ఎదురుచూశారు. గుయ్యిమంటూనే ఉంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఒక పెద్దాయన వినికిడి యంత్రం తీసి జేబులో వేసుకున్నాడు. అవ్వ తాతల నాటి తెలుగులో గట్టిగా అంది, "నాయనా, ఆ పెట్టి చెడిపోయినట్టుండాది. ఎవురన్నా చూడండిరా."

అంకుల్ నా పక్కకొచ్చాడు. "తమ్ముడూ, పాట ఎప్పుడు స్టార్ట్ అవుతుంది?"

"ఇదే పాట అంకుల్."

"ఇదే?"

"ఇంకా బిల్డప్‌లో ఉంది."

"ఆ బిల్డప్ అయ్యేసరికి నా మేక కూర గడ్డకట్టేస్తుంది!"

వెళ్లి ఒక్క హిందీ పాట వెయ్యమని వైర్ల బాబు చెవిలో బతిమాలాను. తన దగ్గర తన సంగీతం తప్ప ఎవరి పాటా లేదన్నాడు. అప్పుడు తలెత్తి జనాన్ని చూశాడు. ఆ ముఖాలు చూశాక నెమ్మదిగా శబ్దం మొత్తం తగ్గించేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, "టైల్స్" అన్నాడు.

నేను గేటు ఎంత దూరంలో ఉందో చూసుకుంటున్నాను. అప్పుడు గ్యారేజీ వెనక నుంచి ఠంగు ఠంగుమని చప్పుడు వినిపించింది. ఫిజీ వాళ్లింట్లో ఏ వేడుకైనా నంగోనా అనే వేరును దంచి, నీళ్లలో కలుపుకుని తాగాల్సిందే. ఇద్దరు బావమరుదులు దాన్ని ఇనప రోట్లో దంచుతున్నారు. వైర్ల బాబు కుందేలులా చెవులు రిక్కించాడు. మైకు లాక్కుని, కూర గిన్నెల మీదుగా ఒక్క గెంతు గెంతి, రోటి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎవరో టీవీ వాళ్లనుకుని బావమరుదులు రెట్టించిన బలంతో దంచారు. మరుక్షణం ఆ ఠంగు ఠంగు స్పీకర్లలోంచి పదింతలై తిరిగొచ్చింది, దాని అడుగున ఆ గుండె చప్పుడుతో సహా. తర్వాత గరిటె చప్పుడు కలిసింది, పిల్లల చప్పట్లు కలిశాయి. ఆఖరికి మైకు అవ్వ నోటి దగ్గరకెళ్లింది.

"ఏందిరా ఇది, తినేదా?" అందామె.

"తినేదా... తినేదా... తినేదా..." అన్నాయి స్పీకర్లు, తాళం తప్పకుండా.

షామియానా మొత్తం ఘొల్లుమంది. అవ్వ ముందు బెదిరిపోయింది. తర్వాత కొంగు సర్దుకుని, మైకు తనే చేతిలోకి తీసుకుని తాత వైపు తిరిగింది. "ఏమయ్యో, లెయ్! యాభై ఏండ్లు కూసోనే ఉండావు. లెయ్!" ఇక "లెయ్ లెయ్ లెయ్" అంటూ స్పీకర్లు హోరెత్తాయి. తాత లేచాడు. ఒక చేత్తో పంచె ఎగ్గట్టి, రెండో చేతిలో ప్లేటు అలాగే పట్టుకుని ఆడాడు. అంకుల్ ఆడాడు, మేక కూర ఏమైందో అడిగినవాడు లేడు. ఆ గంటన్నరలో మేనేజర్‌గా నేను చేసిన పని ఒక్కటే. వదులైన ప్లగ్గును బొటనవేలితో నొక్కి పట్టుకోవడం. ఒకసారి ఉత్సాహం పట్టలేక రెండు చేతులూ పైకెత్తాను. సంగీతం టక్కున ఆగింది. వంద మంది నా వైపు చూశారు. మళ్లీ వంగి కూర్చున్నాను.

అంకుల్ కూతురు యూనివర్సిటీ విద్యార్థుల రేడియోలో వారానికో కార్యక్రమం చేసేది. తెలుగు అర్థమవుతుంది గానీ మాటలన్నీ ఇంగ్లీషులోనే. వైర్ల బాబు లాప్‌టాప్‌లో రికార్డయినదాన్ని అడిగి తీసుకుని ఆ వారమే ప్రసారం చేసింది. ఆ "లెయ్ లెయ్" ఎక్కడిదని ఫోన్లే ఫోన్లు. ఎండాకాలం సంగీతోత్సవం జరిపేవాళ్లు పిలిచారు, విమానం టికెట్టు వాయిదా పడింది, బెర్లిన్ రికార్డు కంపెనీ ఒకటి ఉత్తరం రాసింది. వాళ్ల నాన్న కూడా విని ఫోన్ చేశాడట. "నీ సంగతి నాకు తెలియదు గానీ, ఆ ముసలావిడ బాగా పాడింది" అన్నాడట. టైల్స్ షాపు వైర్ల బాబు చెల్లెలి చేతికి వెళ్లింది. కంపెనీ వాళ్లు పంపిన అసలు మేనేజర్ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఇంతవరకూ ఒప్పందాలవీ ఎవరు చూసుకున్నారని అడిగితే, ప్లగ్గు చూసుకున్నానని చెప్పి పదవీ విరమణ చేశాను.

వైర్ల బాబు తర్వాత చాలా పైకి వెళ్లాడు. రికార్డులు చేశాడు, దేశదేశాలు తిరిగాడు, ఇప్పుడు పెద్ద పెద్ద గాయకులు తమ పాటలకు ప్రొడ్యూసర్‌గా ఉండమని అతని కోసం వరసలో నిలబడుతున్నారు. నేను లోన్లు ఇచ్చే ఆఫీసులో కుదురుకున్నాను. (అక్కడ హెలికాప్టర్ గురించి ఎవరూ అడగరు.) మొన్నామధ్య అతను ఆక్లండ్‌లో కచేరీకి వచ్చి, నాకూ మా ఆవిడకూ పాసులు పంపాడు. తను డ్యూటీలో ఉండి రాలేకపోయింది. ఒక్కణ్ణే వెళ్లి, జనం వెనకగా, గోడకు ఆనుకుని నిలబడ్డాను. అతను కాసేపు ఏదో ఒకే మెట్టు నొక్కాడు. ఆ తర్వాత నేనేం చేశానో పూర్తిగా గుర్తు లేదు గానీ, చేతులు రెండూ పైకి లేచిన మాట నిజం, నడుములో ఏదో కలుక్కుమన్న మాట కూడా నిజం. అలాగే సగం వంగి ఎగురుతూ ఉండగా, పక్కనే ఎవరో తెలుగు కుర్రాడు, మంచివాడే, కంగారుగా అడిగాడు.

"అంకుల్, కుర్చీ ఏమన్నా తెమ్మంటారా?"

ఎవరినబ్బా అంకుల్ అంటున్నాడని వెనక్కి తిరిగి చూశాను. గోడ తప్ప ఎవరూ లేరు.