డాక్టరు కేసులో అమ్మ చూడని సగం

మా అమ్మ ఏ సినిమా పూర్తిగా చూసి ఎరగదు. మేముండే హిందీవాళ్ళ ఊళ్ళోని బస్తీ, భుయ్యాడీహ్‌లో కుళాయి సాయంత్రమే వచ్చేది. రెండిళ్ళ బిందెల దగ్గరా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. అందుకని మ్యాట్నీకి ఒకే టికెట్టు కొని, ఇంటర్వెల్ దాకా అమ్మ, ఆ తర్వాత పక్కింటి పిన్ని చూసేవారు. మర్నాడు గోడకి అటూ ఇటూ నిలబడి ఎవరి సగం వాళ్ళు చెప్పుకునేవారు.

ఎనభైల మొదట్లో ఒక హిందీ సినిమా వచ్చింది. ఒక డాక్టరు మీద నిజంగానే నడిచిన హత్య కేసట. అమ్మ చూసిన సగంలో ఆపరేషన్ బల్ల మీద రోగి చచ్చిపోతుంది, డాక్టర్ని పోలీసులు పట్టుకుపోతారు. మిగతా సగం చూసొచ్చిన పిన్ని, చెల్లెలికి నొప్పులొచ్చాయని కబురందితే, ఒక్క ముక్కైనా చెప్పకుండా ఆ సాయంత్రమే పలాస బండెక్కేసింది.

ఇంకో పది రోజుల్లో అమ్మ గొంతు మీది గడ్డకి ఆపరేషన్. అప్పటికే ముద్ద మింగడానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఆలస్యమైతే ఊపిరాడదని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

“నానెల్లను. సంపేత్తారు,” అంది అమ్మ.

“అది సినిమా అమ్మా!”

“కత కాదే. నిజంగా జరిగిందని తెర మీదే రాసినారంట. పక్కనామె సదివి సెప్పింది.”

నాన్న బతిమాలాడు, వినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, అమ్మ ప్రాణం కోసం ఒక్కటి ఆడలేనా? డాక్టరు తప్పేమీ లేదని కోర్టు వదిలేసిందట, మా కాలేజీలో చెప్పుకుంటున్నారు అన్నాను. అమ్మ నా మొహం చూసి అటు తిరిగి పడుకుంది.

ఆపరేషన్ ముందురోజు పిన్ని ఊరినుంచి దిగింది. సినిమా సంగతి ఎత్తొద్దని గుమ్మంలోనే కనుసైగ చేశాను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా!

“ఓలమ్మా, ఆడే సంపీసినాడక్కా! జైల్లో ఏసీసినారు!”

అయిపోయిందనుకున్నాను. పిన్నిని కొరికేసేలా చూశాను. అమ్మ మాత్రం తాపీగా అడిగింది.

“ఎలాగ దొరికిపోనాడే?”

“ఆ గదిలో నర్సొకర్తి ఉండీది కాదా? కోర్టుకొచ్చి ఉన్నదున్నట్టు సెప్పీసింది. ఉజ్జోగం తీసెత్తామన్నా బెదర్లేదు.”

అమ్మ పిన్ని వైపు తిరిగింది. “అయితే లోపల సూసీవోలు ఉంటారన్నమాట,” అంది. ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన చీర తనే మడతపెట్టుకుంది.

మర్నాడు ఆపరేషన్ గది ముందు పెద్ద డాక్టరు వచ్చి నిలబడితే ఆయన వంక చూడనే లేదు. పక్కనున్న నర్సు చెయ్యి పట్టుకుని, వచ్చీరాని హిందీలో, “సిస్టర్, తుమ్ సబ్ దేఖ్‌నా. గల్తీ హోగా తో బోల్ దేనా,” అంది. అంతా చూడు, తప్పు జరిగితే చెప్పెయ్యమని! డాక్టరు ముందే! నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయనకి కోపం రాలేదు. మాస్కు కట్టుకుంటూ నర్సు వైపు తిరిగి, “జరూర్ బోల్‌నా, సిస్టర్,” అన్నాడు, తప్పకుండా చెప్పమని. అమ్మ ఎవరి సాయమూ లేకుండా స్ట్రెచర్ ఎక్కి పడుకుంది.

రెండు గంటల తర్వాత తలుపు తెరుచుకుంది. డాక్టరు కంటే ముందు ఆ నర్సే బయటికొచ్చి నన్ను వెతుక్కుంది.

“మైనే సబ్ దేఖా,” అంది, అంతా చూశానని. “మా ఠీక్ హై.” అమ్మ బాగుంది!

నేను ఆవిడ భుజం మీద పడి భోరుమన్నాను.