నా పేరున ఒక గొర్రె

మూడు వారాల కిందట, బడిలో పిల్లల హాజరు పిలుస్తుండగా తిరుపతి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నా, పెదనాయన పోయినాడు” అన్నాడు. చదివేవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, నిజమే చెబుతాను. ఏడుపుకన్నా ముందు నాకు కుళ్లు వచ్చింది. ఆఖరి గడియలో కూడా ఆయన వాడి దగ్గరే ఉన్నాడు.

మా నాయనకు అన్న ఆయన. ఐరాల దగ్గర మా ఊళ్లో బతుకంతా గొర్రెలు కాశాడు. పిల్లలు లేరు. మా ఇంట్లో బిడ్డ పుడితే మందలో ఒక ఆడ గొర్రెపిల్లను ఆ బిడ్డ పేరున విడిచేవాడు. దాని చెవికి వేరే గాటు పెట్టేవాడు. అది ఈనిన పిల్లలన్నీ ఆ బిడ్డవే. నాకూ ఒకటి ఉండేది, తమ్ముడికీ ఒకటి. సెలవులొస్తే తమ్ముడు మందలోనే పడి ఉండేవాడు. నేను ఇంటర్‌లో చేరిన ఏడు, స్నేహితులతో ఉండగా ఆయన ఎదురొచ్చి “పెద్దోడా, నీ గొర్రె ఈనింది, వచ్చి సూడు” అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. “నాకెందుకు గొర్రెలు? ఎవరికన్నా ఇచ్చెయ్” అన్నాను. తలూపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నా గొర్రె మాట ఎన్నడూ ఎత్తలేదు.

పెద్దయ్యాక శ్రీకాళహస్తిలో సాంఘికశాస్త్రం చెప్పే పంతులునయ్యాను. అప్పుడు పుట్టింది బుద్ధి, గొర్రెల కాపరుల చరిత్ర రాయాలని. అప్పటికి ఆయన మోకాళ్లు అరిగి, మంద అమ్మేసి, తమ్ముడింట్లో ఉంటున్నాడు. ఆదివారం వస్తే నోటుపుస్తకం పట్టుకుని వెళ్లేవాణ్ణి. “మనవాళ్లు ఎప్పటినుంచి మంద కాస్తున్నారు పెదనాయనా?” అంటే “నాకేం తెల్సప్పా, కాసినాం, అంతే” అనేవాడు. ఇక గ్లాసులో కాఫీ ఊదుకుంటూ కూర్చునేవాడు.

అదే మనిషి తమ్ముడి కంప్యూటర్ ముందు కూర్చుంటే నోరు మూసేవాడు కాదట. వాడికి పాతకాలపు రాజ్యాలు కట్టే కంప్యూటర్ ఆట పిచ్చి. ఒకదాని తర్వాత ఒకటి కొత్త భాగాలు వస్తూనే ఉంటాయి. ఏ దేశపు రాజ్యమైనా మొదట చేసే పని ఒకటే, చుట్టుపక్కల తిరిగే గొర్రెలను వెతికి తెచ్చి, కోసి, జనానికి తిండి పెట్టడం. పాత భాగంలో ఎవరు ముందు చూస్తే గొర్రె వాళ్లదైపోతుంది. అది చూసి పెదనాయన మంచం మీంచి లేచాడట.

“ఇదేం అన్యాయమప్పా? సూసినోడిదైపోతాదా గొర్రె? చెవి గాటు సూడరా? కాపరి యాడ?”

అక్కడ మొదలైంది. చెవి గాట్లలో ఎన్ని రకాలు, ఎరువు కోసం ఎవరి చేలో మంద కడితే ఎవరు అన్నం పెట్టేవాళ్లు, వాన రాబోయే ముందు గొర్రెలు ఎలా ఒత్తుకుంటాయి, అన్నీ వాడికే చెప్పాడు. కొత్త భాగంలో గొర్రెలు గుర్రపు రౌతు వెంట నడిచి ఊళ్లోకి వస్తాయి. “ఇప్పుడు కొంచెం బుద్ధొచ్చింది వీళ్లకి” అని మెచ్చుకున్నాడట. “అయినా ఇన్ని దినాలుగా సూస్తాండా, ఒక్కటీ ఈనదేందిరా?”

ఇవన్నీ తమ్ముడు నవ్వుతూ చెబుతుంటే నాకు కుళ్లు ఆగేది కాదు. ప్రశ్న అడిగితే పలకని మనిషి తప్పు కనబడితే ఊరుకోలేడని నాకు ఆలస్యంగా వెలిగింది. ఒక ఆదివారం కావాలనే తప్పుగా “గొర్రె ఏడాదికి మూడుసార్లు ఈనుతుంది కదా పెదనాయనా” అన్నాను. ఆయన నా మొహం చూసి “పంతులువి, నాటకాలు కూడా నేర్చినావే” అని నవ్వాడు. మళ్లీ కాఫీ ఊదుకున్నాడు.

కర్మక్రియలు ముగిశాక, చుట్టాలంతా వెళ్లిపోయిన మధ్యాహ్నం, తమ్ముడు కంప్యూటర్ తెరిచాడు. “అన్నా, ఈ ఆట పెదనాయన నన్ను ముగించనీలేదు, సూడు” అన్నాడు. తెర మీద ఒక దడి, దాని లోపల గొర్రెలు. ఒక్కదాన్నీ కోయనివ్వలేదట. దూరంగా చెట్ల అంచున ఇంకొకటి ఒంటరిగా మేస్తోంది.

“దాన్నెందుకు వదిలేశావు?” అన్నాను.

“ఆయనే వదలమన్నాడు. ‘దాని దగ్గరికి గుర్రాన్ని పోనీయొద్దు, అది పెద్దోడిది, వాడే వచ్చి తోలుకుంటాడు’ అన్నాడు. అన్నకు సెప్పేదా అంటే, ‘వద్దు, వాడే అడగనీ’ అన్నాడు.”

అన్ని ఆదివారాలు అన్ని ప్రశ్నలు అడిగాను. నా గొర్రె ఏమైందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

తమ్ముడు మౌస్ నా చేతికిచ్చాడు. దడి లోపలివన్నీ ఆయనా వాడూ కలిసి తోలుకొచ్చినవి. వాటిని చూస్తే నాకు ఇప్పటికీ కుళ్లే. గుర్రపు రౌతును మెల్లగా చెట్ల అంచుకు నడిపాను. గొర్రె వెంట నడిచింది. దడికి నేరుగా దారి ఉన్నా, కావాలనే చుట్టుదారిన తోలుకొచ్చాను.