మడమలు చూసే సారు

కోదాడలో కాలేజీ అయిపోయి మిర్యాలగూడ బస్సెక్కి కూర్చున్నానో లేదో, మోతె ఊరి తమ్ముడి ఫోన్ వచ్చింది. తోడబుట్టినవాడేం కాదు. నాలాగే మిలిటరీ నుంచి రిటైరై వచ్చి, నాలాగే సూర్యాపేట సారు దగ్గర లెక్కలు నేర్చుకుంటున్నవాడు. "అన్నా, సారు పోయిండే. పొద్దుగాల గుండెపోటొచ్చిందట" అన్నాడు. నాకు మొదట ఏడుపు రాలేదు. సోమవారం లెక్కల పరీక్ష ఎట్లా అన్న గుబులొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గే కానీ నిజమదే. ఉన్నపళంగా దిగి సూర్యాపేట బస్సెక్కాను.

సారు రిటైరైన లెక్కల లెక్చరర్. ఆయన పరిచయమైననాటికి నేను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌ని. బియ్యం కోసం వచ్చినాయన నా సెల్యూట్ చూసి ఆగిపోయారు.

"మిలిటరీల ఏం పని జేసినవ్?"

"రేడియో సెట్లు రిపేర్ చేసేటోన్ని సార్."

"మరి గీడ గేటును రిపేర్ చేస్తున్నవా?"

ఆ ఆదివారమే ఇంటికి రమ్మన్నారు. నలభైకి దగ్గర పడ్డవాణ్ణి ఎంట్రన్స్ రాయించి ఇంజనీరింగ్ క్లాసులో కూర్చోబెట్టేదాకా వదల్లేదు. ఆయన లేకపోతే నేనింకా ఆ గేటు దగ్గరే ఉండేవాణ్ణి.

మా మిలిటరీవాళ్ళకో జబ్బుంది. పైవాళ్ళు అర్థమైందా అంటే అయిందనడమే తప్ప వేరే జవాబు నోటికి రాదు. సారు బోర్డు మీద లెక్క చేసి, చాక్‌పీసు చేతులు లుంగీకి తుడుచుకుంటూ, "సమజైందా?" అనేవారు. "అయింది సార్" అనేవాణ్ణి. ఆయన నా ముఖం చూసేవారు కాదు, కాళ్ళు చూసేవారు. టీ తెచ్చిన వాళ్ళావిడతో, మేం అమ్మా అని పిలిచే ఆమెతో, "సూడు, మడమలు దగ్గరికొచ్చినయ్. అంటే వీనికి ఏం సమజ్ కాలే" అని నవ్వేవారు. అర్థం కానప్పుడల్లా నాకు తెలియకుండానే సావధాన్‌లో నిలబడేవాణ్ణి మరి.

"నేను నీ ఆఫీసర్‌ని కాదు. తెల్వదని చెప్పు, మళ్ళ చెప్త" అనేవారు. మళ్ళీ చెప్పేవారు కూడా, ఏనాడూ విసుక్కోకుండా.

నన్ను అంకుల్ అని పిలిచే పిల్లల మధ్య క్లాసులో నాకు నోరు పెగలదు. వారమంతా పోగైన సందేహాలన్నీ ఆదివారం ఆయన ముందే దించుకునేవాణ్ణి. ఇప్పుడెక్కడ దించుకోవాలి? ఈసారీ లెక్కలు తప్పితే పై ఏడాదికి పోనివ్వరు. ఎప్పుడొస్తవని మిల్లు సేటు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. బస్సులో దారిపొడవునా ఇదే భయం.

సారును వరండాలో పడుకోబెట్టారు. దండెం మీద ఆయన లుంగీ ఆరుతోంది. దండం పెట్టి లేచేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సోమవారం నీ పరీక్షని రాత్రి గూడ యాదిజేసిండు బిడ్డా. అంతా సమజైందా?"

"అయిందమ్మా" అన్నాను.

అంత దుఃఖంలోనూ ఆమె తల వంచి కిందికి చూసింది. నేనూ చూశాను. చెప్పులు విడిచొచ్చిన నా మడమలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.