ఏ సంఘం?

ప్రసన్న గారిని పెళ్ళికి పిలిస్తే అక్షింతలు వేసి భోజనానికి పోయే రకం కాదు. అక్షింతలు ఎందుకు వేస్తారని పురోహితుణ్ణి నిలదీస్తారు. చర్చిలో పెళ్ళయితే, తాళిలోకి సిలువ ఎప్పుడొచ్చిందని పాస్టరు గారి వెంటపడతారు. రాజోలు దగ్గర ఒక కాలేజీలో ఆవిడ చరిత్ర చెబుతారు, నేను తెలుగు చెబుతాను. పక్క కుర్చీలో కూర్చున్న పాపానికి ఆవిడ ప్రశ్నల్లో సగం నాకే తగులుతాయి.

ఆవిడ తాత పి.గన్నవరం దగ్గర మా ఊళ్ళో పాలేరు. తండ్రి ఇశ్రాయేలు గారు బడిపంతులు. ఈవిడ మతం మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. భక్తి గురించి కాదు, ఊరి వ్యవహారాల్లో మతం పెత్తనం ఎంత అన్నది ఆవిడ ప్రశ్న. తల్లి దీనమ్మ గారికి ఇది మొదట్నుంచీ నచ్చలేదు. దేవుణ్ణి నమ్ముకోవాలి గానీ ఆయనకి పరీక్షలు పెట్టడమేమిటని ఆవిడ దిగులు. ప్రసన్న గారు మాత్రం ఆదివారం పొద్దున చర్చిలో గొంతెత్తి పాడతారు, మధ్యాహ్నం ఫోను పట్టుకుని ఊరి మీద పడతారు.

కిందటేడు ఆవిడ మా ఊళ్ళోనూ, ఊరవతల తమవాళ్ళుండే పేటలోనూ ఒకే ప్రశ్న అడిగారు. సంఘం మాట కాదంటే ఏమవుతుంది? ప్రభువు బల్లలో పాలు ఉండదన్నారు పేటవాళ్ళు, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరని. నీళ్ళు రావన్నారు ఊళ్ళో రైతులు. గంగరాజు గారనే పెద్దరైతు అయితే, సొంత తమ్ముడికే నీళ్ళు ఆపించానని గర్వంగా చెప్పారట.

ఇంకేముంది, గుడి పెద్దలకి ఎదురు తిరిగితే ఆ ఊళ్ళో నీళ్ళు కూడా పుట్టవని ప్రసన్న గారు వ్యాసం రాసేశారు. గైడు గారు తెగ మెచ్చుకున్నారు. విశాఖపట్నంలో సదస్సుకి ఎంపిక కూడా అయింది. ఆవిడ థీసిస్‌కి అదే ఆయువుపట్టు. వెళ్ళేముందు భాష దిద్దిపెట్టమని నా చేతికిచ్చారు.

చదువుతుంటే ముందు నవ్వొచ్చింది, చివరికొచ్చేసరికి భయమేసింది. గంగరాజు గారు మా పెదనాన్న. ఆయన సంఘం అన్నది నీటి సంఘాన్ని. పంట కాలువ నీళ్ళని చేలకి వంతులవారీగా వదిలే రైతుల సంఘం అది. వంతు పాటించని తమ్ముడి, అంటే మా బాబాయి తూము ఆయన మూయించారు, అంతే. పేటలో సంఘమంటే చర్చి. అక్కడ పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట ఇంకోలా వినపడలేదు, ఊళ్ళో సంఘమంటే గుడి పెద్దలనుకున్నారు.

ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ మొహం వాడిపోయింది. గైడు గారికి ఫోను చేస్తే, ఆ భాగం కాస్త మెత్తబరిచి చదివెయ్యమ్మా, అక్కడెవరికి తెలుస్తుంది అన్నారట. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం సదస్సుకి రానని అప్పుడే చెప్పేసి, మీ పెదనాన్న గారింటికి పదండన్నారు.

సంగతంతా విని పెదనాన్న పొట్ట పట్టుకుని నవ్వారు.

"అయితే నేను గుడి పేరు చెప్పి తమ్ముడి చేను ఎండబెట్టేననుకున్నారా అండీ?"

ఆవిడా నవ్వేశారు. ఆ వెంటనే ఫోనులో రికార్డింగు ఆన్ చేసి మళ్ళీ మొదలెట్టారు. మరి గుడి మాట కాదంటే ఏమవుతుంది? ఏమీ కాదట, ఉత్సవానికి చందా అడగడం మానేస్తారట, అదీ లాభమేనట. నీటి సంఘంలో ఓటు ఎవరికి? కాలువ కింద పొలమున్నవాళ్ళకి. మా పేటవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

పెదనాన్న నవ్వు ఆగిపోయింది.

"మా చేలకి నీళ్ళు కట్టింది మీ తాతగారేనండీ," అన్నారు. "ఈ కాలువ పూడిక తీసిందీ మీవాళ్ళే. సంఘంలో అంటారా... పొలం ఉండాలి కదండీ."

"అంటే ఒక్కరూ లేరా అండీ?"

"ఆయ్. లేరండీ."

పెద్దాయన్ని నొప్పించానేమోనని ఆవిడ ఫోను ఆపబోయారు. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆపకండమ్మా. ముందు రాసింది తప్పన్నారు కదా, ఇది తప్పు కాదు. నా పేరు పెట్టే రాయండి."